రీఛార్జ్ లేని టీవీ, ఖంగుమనే రేడియో: మా ఊళ్లో ఫ్రీ డిష్ పెట్టించాక

గుడివాడ దగ్గర పల్లెటూళ్లో అమ్మానాన్నలు ఉండే ఇంటికి దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్ సర్వీసు డీడీ ఫ్రీ డిష్ పెట్టించాం, దాంతోపాటే డాబా మీద నాన్న రేడియో కోసం ఒక ఎఫ్ఎం యాంటెన్నా కూడా. ఒక వానాకాలం మొత్తం దాటేసింది కాబట్టి ఇప్పుడు నమ్మకంగా రాస్తున్నాను. సర్వీసు మంచిదే, పెట్టిన డబ్బుకి పూర్తి న్యాయం చేస్తుంది, కాకపోతే సగం ఫలితం బిగించే మనిషి చేతిలోనే ఉంది, అందుకే ఇక్కడ ఎక్కువగా ఆ బిగింపు గురించే చెప్తాను.

ముందు ఖర్చు. డిష్, ఎల్ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర ఉండి సిగ్నల్ అందుకునే చిన్న పరికరం), బాక్సు, కేబుల్ అన్నీ కలిపి మాకు 2000 రూపాయల లోపే అయింది, ఆ తర్వాత నెలవారీ కట్టేది ఏమీ లేదు. ఈ సర్వీసు 2004లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది, పేరు మాత్రం తర్వాత మారింది. బాక్సు కొనేటప్పుడు ఎంపెగ్-4 అనే కొత్త రకం సిగ్నల్‌ని కూడా చదివే బాక్సే అడగండి. పాత ఎంపెగ్-2 బాక్సులు ఇంకా కొన్ని షాపుల్లో చవగ్గా అంటగడుతున్నారు, వాటిలో కొన్ని ఛానెళ్లు అసలు రావు.

మొదట వచ్చిన మెకానిక్ పని అస్సలు బాగోలేదు. పిట్టగోడ పైన రెండు మేకులు కొట్టి పోల్ నిలబెట్టాడు, కంపాస్ లేదు, సిగ్నల్ వెతికే ఫైండర్ మీటరు లేదు, టీవీలో బొమ్మ కనపడగానే డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. గట్టిగా గాలి వచ్చిన రోజునే పోల్ కదిలి బొమ్మ ముక్కలు ముక్కలైపోయింది. ఫోన్ చేస్తే "సిగ్నల్ 90 చూపిస్తోంది కదా సార్, ఇంకేం కావాలి" అన్నాడు. ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. బాక్సు మెనూలో రెండు గీతలు ఉంటాయి, ఒకటి స్ట్రెంగ్త్, ఒకటి క్వాలిటీ. ఎల్ఎన్‌బీకి కేబుల్ తగిలించి ఉంటే చాలు, డిష్ ఎటు తిరిగి ఉన్నా స్ట్రెంగ్త్ ఎక్కువే చూపిస్తుంది. ఉపగ్రహం నిజంగా దొరికిందా లేదా చెప్పేది క్వాలిటీ ఒక్కటే, మెకానిక్ వెళ్లేముందు మీరు చూడాల్సిన నంబర్ అదే.

రెండో అబ్బాయిది పక్క ఊరు, వయసు చిన్నదే గానీ పని తెలిసినవాడు. ముందు పోల్ దగ్గర కూర్చున్నాడు. మేకులు పీకేసి, శ్లాబ్ మీద డ్రిల్ చేసి యాంకర్ బోల్టులు వేశాడు, పోల్ నిలువుగా ఉందో లేదో నాలుగు వైపులా మట్టం పెట్టి చూశాడు. పోల్ కొంచెం ఒరిగినా డిష్‌ని పక్కకి తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారిపోతుంది, ఇక ఎంతసేపు వెతికినా కుదరదు. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 నుంచి, 2015లో ఫ్రెంచ్ గయానా నుంచి పంపిన ఉపగ్రహం, భూమధ్యరేఖ పైన 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. మన జిల్లాల నుంచి చూస్తే అది దాదాపు సరిగ్గా ఆగ్నేయం. మా అమ్మకి ఒక్క మాట చెప్తే చాలు, వంటిల్లు ఉన్న మూల వైపు అని చెయ్యి చూపించేసింది. ఆకాశంలో బాగా ఎత్తులో, 65 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి చెట్టు మరీ ఆనుకుని ఉంటే తప్ప పక్కింటి కొబ్బరిచెట్టు అడ్డం రాదు. డిష్ మొహం చూస్తే మాత్రం అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు, ఎల్ఎన్‌బీ మధ్యలో కాకుండా కింది వైపుకి ఉండే ఆఫ్‌సెట్ డిష్ కదా, కంగారు పడకండి.

నన్ను హాల్లో టీవీ ముందు కూర్చోబెట్టి ఫోన్లో నంబర్ చెప్తూ ఉండమన్నాడు. నలభై, నలభై మూడు, యాభై... అక్కడ ఆగిపోయింది, డిష్ ఎటు జరిపినా అంతకు మించి పెరగలేదు. అప్పుడు డిష్‌ని వదిలేసి ఎల్ఎన్‌బీ క్లిప్పు వదులు చేసి, ఎల్ఎన్‌బీని ఉన్నచోటే కాస్త కాస్త మెలితిప్పడం మొదలుపెట్టాడు. యాభై ఎనిమిది, అరవై ఆరు, డెబ్భై నాలుగు. మొదటి మెకానిక్ దాన్ని నిటారుగా పెట్టి వదిలేశాడు. ఉపగ్రహం మనకి నేరుగా దక్షిణాన లేదు, తూర్పుకి జరిగి ఉంది, అందుకని ఎల్ఎన్‌బీ కూడా ఆ మేరకి పక్కకి తిరగాల్సిందే. ఆ ఇరవై పాయింట్లే వానలో మనల్ని కాపాడేవి. జోరువాన పడితే ఎవరి డిష్‌కైనా సిగ్నల్ పోతుంది, అది ఈ డిష్‌లు వాడే కేయూ బ్యాండ్ తరంగాల స్వభావం, కానీ మామూలు వానకి మా బొమ్మ ఇప్పుడు చెదరడం లేదు. పెద్ద వాన వెలిశాక కాసేపటికి దానంతటదే వచ్చేస్తుంది.

కేబుల్ విషయంలో కూడా ఆ అబ్బాయి జాగ్రత్త నచ్చింది. ఆర్‌జీ-6 కేబుల్, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా ఒకటే ముక్క. ఎల్ఎన్‌బీ దగ్గర కేబుల్‌ని ఒక వంపు కిందికి వేలాడేలా వదిలి కట్టాడు, వాననీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, కనెక్టర్‌లోకి వెళ్లవు. కనెక్టర్ మీద సెల్ఫ్ సీలింగ్ టేపు చుట్టాడు. కోతుల బెడద ఉన్న ఊళ్లలో కేబుల్‌ని పైపులో నుంచి లాగించండి, అవి ముందు లాగేది దాన్నే.

ఇక రేడియో. నాన్నకి టీవీ కంటే ఇదే ముఖ్యం. పొద్దున్నే విజయవాడ కేంద్రం పెట్టాలి, భక్తిరంజని, ప్రాంతీయ వార్తలు వినాలి. ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టర్ వచ్చాక మీడియం వేవ్ మీద ఆ కేంద్రం వచ్చే 837 కిలోహెర్ట్జ్ పెడితే గర్రుమనే శబ్దమే ఎక్కువ. ఎఫ్ఎంలో ఆకాశవాణి రెయిన్‌బో 102.2 వస్తుంది గానీ ఇంటి లోపల గరగర. ఆ అబ్బాయి దగ్గరే అల్యూమినియం పైపుతో మామూలు డైపోల్ (రెండు కడ్డీల యాంటెన్నా) చేయించాం. 102 మెగాహెర్ట్జ్‌కి మొత్తం పొడవు 1.4 మీటర్లు, అంటే చెరి 70 సెంటీమీటర్ల రెండు ముక్కలు, మధ్యలో కేబుల్ లోపలి తీగ ఒకదానికి, బయటి జల్లెడ రెండోదానికి. మా ఊరికి విజయవాడ పడమర వైపు కాబట్టి పైపు ఉత్తర దక్షిణాలుగా ఉంచాలి, స్టేషన్ పైపుకి అడ్డంగా ఉండాలన్నమాట. కింద రేడియోకి యాంటెన్నా సాకెట్ లేదు, తీగ చివర క్లిప్పు పెట్టి రేడియో ఏరియల్‌కి తగిలించాం, అంతే. పక్క గదిలో ఉన్నా పాట స్పష్టంగా వినిపిస్తోంది. ఫ్రీ డిష్ బాక్సులో కూడా ఆకాశవాణి ఛానెళ్లు చాలా ఉన్నాయి, వివిధ భారతి సహా, కానీ వాటికోసం టీవీ ఆన్ చేసి పెట్టాలి, కరెంటు పోతే అవీ పోతాయి. నాన్న రేడియో బ్యాటరీ మీద నడుస్తుంది, తుపాను రోజుల్లో మాకు వార్తలు అందేది దాంట్లోనే.

పోల్‌కి ఎర్తింగ్ తప్పకుండా చేయించండి. ఉరుములు మొదలవ్వక ముందే, మబ్బు పట్టగానే రేడియో క్లిప్పు, బాక్సు కేబుల్ రెండూ తీసేయమని ఇంట్లో పెద్దవాళ్లకి ఒకటికి రెండుసార్లు చెప్పండి. సర్వీసు వైరు డాబా మీదుగా వెళ్తుంటే పోల్ దానికి దూరంగా పెట్టాలి, పోల్ పడిపోయినా తీగకి తగలనంత దూరం. ఈ విషయంలో మొహమాటం వద్దు, మెకానిక్ వినకపోతే పని ఆపించేయండి.

ఛానెళ్ల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. స్టార్ మా, జెమినీ, జీ తెలుగు ఇందులో రావు, సీరియళ్లు తప్పనిసరి అనుకునే ఇళ్లకి ఇది చాలదు. మా అమ్మ కూడా కొన్నాళ్లు బాధపడింది. సప్తగిరి, యాదగిరి, డీడీ న్యూస్, వ్యవసాయానికి డీడీ కిసాన్, పిల్లల పాఠాలకి విద్యా ఛానెళ్లు వస్తాయి. క్రికెట్ మాత్రం దీనికి పెద్ద బలం. క్రీడా ప్రసారాలను దూరదర్శన్‌తో పంచుకోవాలనే 2007 చట్టం వల్ల ఇండియా ఆడే వన్డేలు, టీ20ల ప్రసారాన్ని హక్కులు కొన్న ఛానెల్ దూరదర్శన్‌కి ఇవ్వాల్సిందే. 2017లో సుప్రీంకోర్టు ఆ ప్రసారం కేబుల్ వాళ్లకి చేరకూడదని తేల్చింది, అందుకే ఆ మ్యాచ్‌లు ఉచితంగా చూడాలంటే ఫ్రీ డిష్ కావాలి.

మార్చి రెండో వారంలో, మళ్ళీ అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు పగలు పదకొండు ప్రాంతంలో కొద్ది నిమిషాలు బొమ్మ పోవచ్చు. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి రావడం వల్ల అలా అవుతుంది, అప్పుడు మెకానిక్‌ని పిలిచి డిష్ కదిలించనివ్వకండి. కొత్త టీవీ ఉన్నవాళ్లు బాక్సు కొనేముందు టీవీ వెనక శాటిలైట్ సాకెట్ ఉందేమో చూసుకోండి, ఉంటే డిష్ కేబుల్ నేరుగా అందులో పెట్టి స్కాన్ చేస్తే సరిపోతుంది, బాక్సు ఖర్చు, రెండో రిమోట్ గోల రెండూ తప్పుతాయి.