గెట్టీ లైనా, శాఫ్ జంటా, సిస్టమ్‌డీనా? సీరియల్ పోర్టు కాపలాకి ఏది మేలు?

మొన్న నెల్లూరు నుంచి నాకు తమ్ముడి వరసయ్యే పిల్లోడు ఫోన్ చేసి, అన్నా, ఒంగోల్లో నువ్వు చూసే ఆ పాత సొలారిస్ డబ్బాని ఇక నన్ను చూడమన్నారు, దాంట్లో పోర్ట్ మానిటర్ అంట, పీఎంయాడ్మ్ అంట, ఏంది ఈ గోల, ఇనిట్‌ట్యాబ్‌లో ఒక గెట్టీ లైను రాసేస్తే పోలా అన్నాడు. ఫోన్లో చెప్తే ఎక్కదు, అందుకే రాస్తా ఉండా. డబ్బా ఉండేది పొగాకు వ్యాపారం చేసే ఒక ఆఫీసులో, సొలారిస్ 8, అంటే సన్ కంపెనీ వాళ్ల యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, దానికి గోడల వెంబడి వైర్లు లాగి తగిలించిన సీరియల్ టెర్మినళ్లు, అంటే ఉత్త స్క్రీనూ కీబోర్డూ, లెక్కల ప్రోగ్రాం మార్చడానికి ఓనరు ఒప్పుకోడు కాబట్టి ఇంకా బతికే ఉండాయి.

ముందు కాపలా అంటే ఏందో. వైరుకి అవతల టెర్మినలో మోడెమో ఉంటది, ఇవతల యూనిక్స్ ఉంటది, అవతలోడు ఎంటర్ కొట్టంగానే స్పీడు సరిచూసి లాగిన్ అని అడిగి లాగిన్ ప్రోగ్రాం చేతిలో పెట్టేవాడు ఒకడు కావాలి, వాడే పోర్ట్ మానిటర్. (మా మామకి ఇది చెప్తే కృష్ణపట్నంలో ఓడలు లెక్కపెట్టే ఉద్యోగం అనుకున్నాడు, సరే అట్టానే అనుకో మామా అన్నా.) మొదట్నుంచీ ఈ పని గెట్టీ అనే ప్రోగ్రాంది. దాన్ని లేపేది ఇనిట్, మిషన్ లేవంగానే ముందు నడిచే ప్రోగ్రాం, ఏవేవి లేపాలో దానికి రాసిచ్చే ఫైలు ఇనిట్‌ట్యాబ్. 1980ల చివర్లో ఏటీ అండ్ టీ వాళ్ల సిస్టమ్ ఫైవ్ రిలీజ్ ఫోర్‌తో సర్వీస్ యాక్సెస్ ఫెసిలిటీ అని ఒకటి వచ్చింది, పొట్టిగా శాఫ్, సొలారిస్‌కి ఆ వారసత్వమే.

గెట్టీ పద్ధతి బాగుండేది ఒక్క విషయంలో, కళ్లకి కనపడిద్ది. ఇనిట్‌ట్యాబ్ తెరువు, ఒక లైను రాయి, చస్తే మళ్లీ లేపమని రెస్పాన్ అని పెట్టు, ఫైలు మళ్లీ చదవమని ఇనిట్ క్యూ కొట్టు, అయిపోయింది. కానీ పోర్టుకో ప్రాసెస్ ఎప్పుడూ కూర్చోనుండాలి, ఆ రోజుల్లో మెమరీ కరువు కాబట్టి ఇరవై పోర్టులకి ఇరవై గెట్టీలంటే బరువే, ఇప్పుడు అదొక లెక్క కాదులే. అసలు నెప్పి యాడంటే పోర్టు ఆపాల్సి వచ్చినప్పుడు. గెట్టీ తనే లాగిన్‌గా మారిద్ది, లాగిన్ తనే షెల్‌గా, అంటే కమాండ్లు తీసుకునే ప్రోగ్రాంగా మారిద్ది, పీఐడీ (ప్రాసెస్ నంబరు) అదే, అంటే కౌంటర్‌లో కూర్చున్న గుమాస్తా షెల్ అనేది ఇనిట్ కని పెంచిన ఆ బిడ్డే. ఇనిట్‌ట్యాబ్‌లో ఆ లైనుని ఆఫ్ అని మార్చి ఇనిట్ క్యూ కొట్టావంటే ఇనిట్ ముందు వార్నింగ్ సిగ్నల్ పంపి కొన్ని సెకన్లు చూసి చంపేసిద్ది, సగం కొట్టిన బిల్లుతో సహా గుమాస్తా బయటపడతాడు. ఇంకోటి, వైరు పాడై గెట్టీ మాటిమాటికీ చచ్చి లేస్తా ఉంటే ఇనిట్ విసుక్కుని, రెస్పానింగ్ టూ రాపిడ్లీ అని చెప్పి కొన్ని నిమిషాలు ఆ లైను జోలికే రాదు, నువ్వేమో ఆ కాసేపూ కేబుల్ మారుస్తా పోర్టే పోయిందేమో అనుకుంటా ఉంటావు.

వాడికి ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది, సొలారిస్‌లో గెట్టీ అనేది విడిగా లేనే లేదు, ఆ పేరు శాఫ్‌లో టెర్మినళ్లని కాసే టీటీవైమాన్‌కి ఒక సింబాలిక్ లింకు, అంటే మారుపేరు, అంతే. ఇనిట్‌ట్యాబ్‌లో కన్సోల్ (మిషన్ సొంత టెర్మినల్) లైను చూడు, టీటీవైమాన్ -జీ అని ఉంటది, అది ఎక్స్‌ప్రెస్ మోడు, అంటే టీటీవైమాన్‌నే గెట్టీ వేషం కట్టి నిలబెట్టడం. కాబట్టి గెట్టీ పెడతానంటే నువ్వు శాఫ్‌ని తప్పించుకున్నట్టు కాదు, అదే మనిషిని సగం బుర్రతో వాడుకున్నట్టు.

ఇక శాఫ్. దీంట్లో రెండు అంతస్తులు, ఇదే అందర్నీ తికమక పెట్టేది. ఇనిట్ శాక్ అనేదాన్ని లేపిద్ది, ఇనిట్‌ట్యాబ్‌లో శాక్ -టీ 300 అని ఉండేది అదే, మానిటర్లన్నిటినీ 300 సెకన్లకోసారి పలకరించమని. శాక్ కింద మానిటర్లుంటాయి, టెర్మినళ్లకి టీటీవైమాన్, నెట్‌వర్కుకి లిజన్. ఒక్క టీటీవైమాన్ ఎన్ని పోర్టులైనా చూసిద్ది. దీన్ని చెరువు లెక్కన చూడు, చెరువుకి ఒక కాపలావాడు, చెరువుకి పది తూములు. ఎస్-ఏ-సీ-ఏ-డీ-ఎం, అంటే శాక్‌యాడ్మ్, కాపలావాడిని పెట్టడానికీ తీసెయ్యడానికీ. పీ-ఎం-ఏ-డీ-ఎం, పీఎంయాడ్మ్, ఒక్కో తూము తలుపు ఎత్తడానికీ దించడానికీ. పైన శాఫ్ జంట అన్నది ఈ రెండు కమాండ్లనే. ఒక్క తూము మూయాల్సిన చోట కాపలావాణ్ణి ఇంటికి పంపమాక, ఈ డబ్బా మీద జరిగే తప్పుల్లో సగం ఇదే.

ఒక్క కౌంటర్ ఆపాలంటే పీఎంయాడ్మ్ -డీ -పీ జడ్‌ఎస్‌మాన్ -ఎస్ టీటీవైఏ, జడ్‌ఎస్‌మాన్ అనేది మానిటర్ పేరు, టీటీవైఏ పోర్టు పేరు. మళ్లీ తెరవాలంటే -డీ బదులు -ఈ. దీంట్లో నాకు బాగా నచ్చేది ఏందంటే -డీ కొట్టినా ఆల్రెడీ లోపలున్నోడికి ఏమీ కాదు, వాడి పని వాడు చేసుకుంటాడు, వాడు లాగౌట్ అయినాక కొత్తగా ఎవర్నీ రానివ్వదు. శాక్‌యాడ్మ్ -డీ కూడా అంతే, మానిటర్ మొత్తానికి కొత్తవాళ్లని ఆపిద్ది, ఉన్నోళ్లని కదిలించదు. పోర్టు పెట్టేటప్పుడు టీటీవైయాడ్మ్‌కి (టీటీవైమాన్‌కి కావాల్సిన రూపంలో పోర్టు వివరాలు రాసిచ్చే కమాండ్) -ఐ ఇచ్చి ఒక మెసేజ్ రాసి పెట్టుకుంటే, పోర్టు మూసి ఉన్నప్పుడు ఎవరైనా ఎంటర్ కొడితే స్క్రీన్ మీద అదే కనపడిద్ది, నేను ఈ కౌంటర్ ఇవాళ మూసింది అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే కొట్టి పెట్టా. వేలం సీజన్లో గోడౌన్ వైపు రెండు టెర్మినళ్లు పొద్దున 8కి తెరిచి సాయంత్రం 6కి మూసేది క్రాన్, అంటే టైము ప్రకారం కమాండ్లు నడిపేది, ఒక్కో లైను, ఎవడి మీదా అరవాల్సిన పని లేదు. ఇదే ఇనిట్‌ట్యాబ్‌తో చెయ్యాలంటే సెడ్ కమాండ్‌తో ఫైలు మార్చి ఇనిట్ క్యూ కొట్టే స్క్రిప్టు రాయాలి, ఆ స్క్రిప్టు ఒక్కసారి తప్పు చేస్తే మిషనే లేవదు.

మరి కష్టం లేదా అంటే ఉంది, మొదటిసారి పెట్టేటప్పుడు ఏడిపిచ్చిద్ది. మానిటర్ పెట్టడానికి శాక్‌యాడ్మ్ -ఏ -పీ జడ్‌ఎస్‌మాన్ -టీ టీటీవైమాన్ -సీ తర్వాత టీటీవైమాన్ పాత్, -వీ తర్వాత వెర్షన్ నంబరు, అది గుర్తుండదు కాబట్టి బ్యాక్ కోట్స్‌లో టీటీవైయాడ్మ్ -వీ, ఈ లోపలి వీ మాత్రం పెద్ద వీ. పోర్టు పెట్టడానికి పీఎంయాడ్మ్ -ఏ, -పీ, -ఎస్, -ఐ రూట్, -ఎఫ్ యూ అంటే లోపల ఎవరున్నారో లెక్క రాసే యూటీఎంపీ ఫైల్లో ఎంట్రీ వేయమని, మళ్లీ -వీ, చివర్న -ఎం లోపల బ్యాక్ కోట్స్‌లో ఇంకో టీటీవైయాడ్మ్, దాంట్లో డివైస్, స్పీడుకి 9600 లేబుల్, లాగిన్ పాత్, అన్నీ. ఒక్క కోట్ తప్పినా షెల్ ఇంకో మాట మాట్లాడిద్ది. చాలామంది మర్చిపోయేది -ఎన్. శాక్‌యాడ్మ్‌కి -ఎన్ ఇవ్వకపోతే రీస్టార్ట్ కౌంటు సున్నా, అంటే మానిటర్ ఒకసారి చచ్చిందంటే శాక్ దాన్ని మళ్లీ లేపదు, శాక్‌యాడ్మ్ -ఎల్‌లో ఫెయిల్డ్ అని కూర్చోనుంటది. ఇనిట్ అయితే కాసేపు అలిగినా మళ్లీ లేపిద్ది, ఆ ఒక్క విషయంలో గెట్టీదే పైచేయి. నేను -ఎన్ 5 పెడతా.

చేత్తో ఫైలు మార్చేవాళ్లూ ఉంటారు, నేనూ చేశా, సిగ్గులేకుండా చెప్తా. పోర్టుల వివరాలన్నీ ఈటీసీలో శాఫ్ కింద మానిటర్ పేరున్న డైరెక్టరీలో పీఎంట్యాబ్ అనే ఫైల్లో ఉంటాయి, ముందు అండర్‌స్కోర్ ఉంటది, కోలన్‌తో విడగొట్టిన లైన్లు. ఒకరోజు పీఎంయాడ్మ్ అంత పొడుగు ఎవడు కొడతాడులే అని వీఐ ఎడిటర్లో తెరిచి ప్రాంప్ట్ (లాగిన్ అడిగే మాట) మార్చి, కౌంటర్ లాగిన్ అని రాసి చివర కోలన్ పెట్టా. లాగిన్ తర్వాత కోలన్ ఉండాల్సిందే కదా, చిన్నప్పట్నుంచీ చూస్తా ఉన్నాం. ఆ కోలన్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలని గుర్తు లేదు, దాంతో ఆ తర్వాత ఫీల్డులన్నీ ఒక గడి జరిగిపోయినాయి, ఆ పోర్టు పలకదు. టీటీవైయాడ్మ్‌తో చేసుంటే ఆ బ్యాక్‌స్లాష్ అదే పెట్టుకునేది. పైగా చేత్తో మార్చినాక శాక్‌యాడ్మ్ -ఎక్స్ -పీ జడ్‌ఎస్‌మాన్ కొట్టకపోతే మానిటర్‌కి మారినట్టే తెలియదు, నేను ఫైలు సరిచేసి గంట సేపు ఎందుకు రావట్లేదో అని చూస్తా ఉన్నా. వార్ కింద శాఫ్‌లో మానిటర్ పేరుతో లాగ్ ఉంటది, ముందు అది చూసుంటే అంత సేపు పట్టేది కాదు.

వైరు గురించి ఒక ముక్క. మన ఎలక్ట్రీషియన్లు లాగేది మూడు వైర్ల కేబులే, పంపేది, అందుకునేది, ఎర్తు. అవతల ఎవరో ఉన్నారని చెప్పే క్యారియర్ సిగ్నల్ వైరు ఉండదు, అందుకని టీటీవైయాడ్మ్‌లో -ఎస్ వై, ఇక్కడ పెద్ద ఎస్, సాఫ్ట్ క్యారియర్, అంటే ఆ సిగ్నల్ ఉన్నట్టే అనుకోమని, ఆన్ చెయ్యకపోతే పోర్టు ఎనేబుల్ అని చూపిస్తానే ఉంటది, లాగిన్ మాత్రం రాదు. లైనక్స్‌లో గెట్టీ పని చేసే ఎజెట్టీకి పెద్ద ఎల్ ఇస్తే ఇదే పని. ఇంకోటి, సన్ డబ్బాకి కీబోర్డు లేకుండా టీటీవైఏనే కన్సోల్‌గా పెట్టుకుంటే మన కరెంటుతో జాగర్త, టెర్మినల్ ఆగి వెలిగినప్పుడు బ్రేక్ అనే సిగ్నల్ మిషన్‌కి పోయి, సొలారిస్ ఆగి మిషన్ మొత్తం ఓకే ప్రాంప్ట్‌లోకి పడిద్ది. కేబీడీ -ఏ ఆల్టర్నేట్ కొడితే ఆ బాధ తప్పిద్ది.

2005లో సొలారిస్ 10 వచ్చినాక సర్వీసులన్నిటినీ లేపి చూసుకునే ఎస్‌ఎంఎఫ్ వచ్చింది, శాక్ కూడా దాని కింద ఒక సర్వీసైపోయింది, అంటే రెండంతస్తుల మేడ మీద ఇంకో అంతస్తు. కన్సోల్ మాత్రం ఇనిట్‌ట్యాబ్‌లోంచి కన్సోల్-లాగిన్ అనే సర్వీసుకి పోయింది, స్పీడు మార్చాలంటే ఎస్‌వీసీసీఎఫ్‌జీతో టీటీవైమాన్/లేబుల్ ప్రాపర్టీ మార్చి ఎస్‌వీసీయాడ్మ్‌తో రిఫ్రెష్, రీస్టార్ట్. ఎందుకు ఆగిందో ఎస్‌వీసీఎస్ -ఎక్స్‌వీ చెప్తది, లాగ్ ఫైలు యాడుందో కూడా చెప్తది, శాఫ్‌లో ఆ సుఖం లేదు. కన్సోల్ వరకైతే నాకు ఇదే ఇష్టం.

లైనక్స్ పెట్టే కొత్త మిషన్ అయితే ఇదంతా వద్దు, అక్కడ ఇనిట్ పని చేసేది సిస్టమ్‌డీ. సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ సీరియల్-గెట్టీ@టీటీవైఎస్0 అంటే చాలు, బూట్ అయ్యేటప్పుడు కర్నల్‌కి ఇచ్చే లైన్లో కన్సోల్ టీటీవైఎస్0 రాస్తే ఆ మాట కూడా అక్కర్లేదు, దానంతటదే లేచిద్ది. మళ్లీ పోర్టుకో ఎజెట్టీనే, చుట్టు తిరిగి పాత పద్ధతికే వచ్చాం, కాకపోతే చచ్చినప్పుడల్లా లేపిద్ది, లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్‌లో కథంతా ఉంటది. స్పీడు మార్చాలంటే సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్, దాంట్లో ముందు ఎక్సెక్‌స్టార్ట్ (ఏ కమాండ్ నడపాలో చెప్పేది) ఖాళీగా ఒక లైను రాసి ఆ కింద కొత్తది రాయాలి, ఖాళీది మర్చిపోతే ఒప్పుకోదు. లోటు ఏందంటే రీస్టార్ట్ కొడితే ఆ లైను మీద కూర్చున్నోడు ఊడిపోతాడు, ఆ సర్వీసు ఫైల్లోనే (దాన్ని యూనిట్ అంటారు) హ్యాంగప్, అంటే లైను తెంచెయ్యమని రాసుంటది. పీఎంయాడ్మ్ -డీ లాగా లోపలోణ్ణి ఉండనిచ్చి తలుపు మాత్రం మూసే మర్యాద దీనికి లేదు.

అబ్బయ్యా, ఇక నీ సంగతి. ఆ డబ్బా మీద గెట్టీ పెట్టమాక, శాఫ్‌లోనే ఉంచు, పది కౌంటర్లు రోజూ తెరిచి మూసే చోట దాన్ని మించింది నాకు కనపళ్లా. నెల్లూరు ఆఫీసులో ఆ రెండు లైనక్స్ పోర్టులకి సిస్టమ్‌డీ చాలు, అక్కడ శాఫ్ లాంటిది కావాలని వెతకమాక. రేపు ఒంగోలు పోంగానే దేన్నీ ముట్టుకోకుండా ముందు శాక్‌యాడ్మ్ -ఎల్, పీఎంయాడ్మ్ -ఎల్ రెండూ కొట్టి ప్రింటు తీసి ర్యాక్ తలుపు లోపల అంటించు. పీఎంయాడ్మ్ ఫ్లాగుల్లో ఎక్స్ కనపడితే అది మూసిన కౌంటరు. గోడౌన్‌వి రెండూ సాయంత్రం ఆరు తర్వాత అట్టానే కనపడతాయి, కంగారుపడి ఎనేబుల్ కొట్టమాక, అది క్రాన్ పనే.