నెల్లూరులో నీటి తాబేలు: డబ్బు ఫిల్టరుకు పెట్టండి, హీటరుకు కాదు

మా ఇంట్లో ఉన్నది ఎర్రచెవుల తాబేలు, ఆడది. అక్వేరియం షాపుల్లో రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దగా, పచ్చగా కనిపించే పిల్లలు ఈ రకానివే. అమెరికాలోని మిసిసిపీ నది ప్రాంతం వీటి పుట్టిల్లు. మాది ఇప్పుడు జానెడు దాటింది. నెట్లో దొరికే సలహాలు ఎక్కువగా చలి దేశాలవాళ్లు రాసినవి. మన ఎండలకు, మన ముసురుకు అవి సరిపోవు. అందుకే ఇన్నేళ్లుగా వాడుతున్న సామాన్ల గురించి రాస్తున్నాను.

ముందు ఫిల్టరు. తాబేలు తినేదీ, విసర్జించేదీ నీళ్లలోనే. చేపల తొట్టిలో పెట్టే చిన్న స్పాంజి ఫిల్టరు దాని ముందు ఆగదు. మేం వాడేది తొట్టి బయట పెట్టే కానిస్టర్ ఫిల్టరు. మీ తొట్టిలో ఎన్ని నీళ్లు పడతాయో దానికి రెండు మూడింతల సామర్థ్యం ఉన్నది తీసుకోండి. లోపలి పింగాణీ రింగుల మీద పెరిగే బ్యాక్టీరియా విసర్జనలోంచి పుట్టే విషం అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని అంత హాని లేని నైట్రేటుగా మారుస్తుంది. రొయ్యల గుంటలున్న జిల్లా మనది, అమ్మోనియా ఏం చేస్తుందో ఇక్కడ వేరే చెప్పక్కర్లేదు. గుంటల మందులు అమ్మే షాపులో కొన్న టెస్టు కిట్టుతోనే మేమూ నీళ్లు చూసుకుంటాం. రింగుల్ని మున్సిపల్ కుళాయి కింద కడగొద్దు, క్లోరినుకు ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తొట్టిలోంచి తోడిన నీళ్లలోనే జాడించాలి.

దీనికి ఒకటే లోటు, కరెంటు. గంటల తరబడి పోతే మూసిన డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి లోపలంతా కుళ్లుతుంది. కరెంటు రాగానే ఆ మురికి తిన్నగా తొట్టిలోకొస్తుంది. అందుకని విప్పి, జాడించాకే ఆన్ చేయాలి. తుపాను రోజుల కోసం మేం పంపును ఇన్వర్టరుకు కలిపించుకున్నాం, అది ఫ్యానంత కరెంటు కూడా తినదు.

తర్వాత యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) లైటు. చిప్ప గట్టిపడాలంటే కాల్షియం పెడితే సరిపోదు. అది ఒంటికి పట్టాలంటే విటమిన్ డి3 కావాలి, చర్మంలో డి3 తయారవ్వాలంటే యూవీబీ తగలాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో అది దాదాపు ఉండదు. సంవత్సరంలో ఎక్కువ నెలలు మేడ మీద పొద్దుటి ఎండే మాకు చాలు. టబ్బులో సగానికి గ్రీన్ నెట్ నీడ తప్పనిసరి. రోహిణి కార్తెలో అయితే ఎండ చురుక్కుమనకముందే కిందికి దించేస్తాం. లోతు తక్కువ టబ్బులో నీళ్లు కాగిపోతే తాబేలుకు తప్పించుకునే చోటుండదు, ప్రాణం పోతుంది. లైటు అవసరం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మనకు వానలన్నీ అప్పుడే కదా, ముసురు పట్టిందంటే రోజుల తరబడి ఎండ మొహం కనపడదు. చుట్ట తిరిగిన చిన్న బల్బు కన్నా పొడుగాటి టీ-5 ట్యూబు నయం, వెలుతురు తాబేలు ఎక్కి ఎండ కాగే మెట్టంతా పడుతుంది. ఏడాదికోసారి మార్చాలి. బయటికి బాగానే వెలుగుతున్నా లోపల యూవీబీ తగ్గిపోతుంది. అందుకే కొన్న తేదీ దాని మీదే రాసిపెడతాను.

హీటరు మాకు ఎన్నడూ అవసరం పడలేదు. నీళ్లు 24 నుంచి 28 డిగ్రీలుంటే చాలు, మా ఇంట్లో చలికాలంలోనూ అంతకన్నా పెద్దగా దిగవు. జబ్బు చేసిన తాబేలు పిల్లకు డాక్టరు చెబితే వేరే సంగతి. తేలే ప్లాస్టిక్ మెట్టు చిన్నప్పుడు బాగుంది, బరువు పెరిగాక మునిగిపోతుంటే ఇటుకల మీద కడప రాయి పరిచాం. కదలకుండా ఉంది.

తిండి విషయంలో గట్టిగా చెబుతాను: షాపుల్లో అంటగట్టే ఎండు రొయ్యల డబ్బా ఒక్కదాని మీదే పెంచకండి. విటమిన్ ఎ లోపిస్తే కళ్లు వాచి మూసుకుపోతాయి. మంచి పెల్లెట్లు పెట్టండి, పెద్దయ్యేకొద్దీ ఆకులు పెంచండి. మందులు కొట్టని చోట తెచ్చిన అంతరతామర (చెరువుల మీద తేలే మొక్క) అంటే మాదానికి ప్రాణం. పాలకూరలోని ఆక్సలేటు కాల్షియాన్ని పట్టి ఉంచేస్తుంది, దాన్ని తగ్గించాలి. కాల్షియానికి సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ లోపలి తెల్లటి ఎముక) ముక్క వేస్తాం. మైపాడు ఒడ్డున దొరికింది తెచ్చి, ఉప్పు పోయేలా నానబెట్టి, గట్టి వైపు చెక్కేసి వేస్తే అదే కొరుక్కుంటుంది.

ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఇంట్లో చిన్నపిల్లలైతే మరీనూ. జ్వరం, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయంతోనే అమెరికాలో 4 అంగుళాల లోపు చిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో ఆపేశారు.

కొనాలనుకునేవాళ్లు ఒకటి లెక్క వేసుకోండి. ఆడది 10 అంగుళాల దాకా పెరుగుతుంది. చిప్ప అంగుళానికి 40 లీటర్ల చొప్పున 400 లీటర్ల తొట్టి కావాలి, అదీ ఇరవై ముప్పై ఏళ్లకు. అంత జాగా లేదని నక్షత్ర తాబేలు వైపు చూడకండి. అదృష్టమని ఎవరెంత చెప్పినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని ఇంట్లో పెంచడం నేరం. పెంచలేక ఎర్రచెవులదాన్ని స్వర్ణాల చెరువులోనో పెన్నలోనో వదలడం ఇంకా అన్యాయం. ప్రపంచంలోని 100 అతి హానికర చొరబాటు జాతుల జాబితాలో ఇదీ ఉంది. మన చెరువు తాబేళ్ల తిండినీ, ఎండ కాగే చోటునూ ఇది లాక్కుంటుంది. వదిలించుకోక తప్పకపోతే తొట్టీ ఫిల్టరుతో సహా, పెంచగలిగిన మరో ఇంటికి ఇవ్వండి.