పాచి పట్టిన ట్యాంకు, రెండున్నరేళ్ల డీఐ ఫిల్టరు

చెన్నై వేళచ్చేరిలో మా ఫ్లాట్లో 110 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు ఉంది. రెండు క్లౌన్ చేపలు, పది కిలోల రాయి, పైన ఒక ఎల్ఈడీ లైటు. పెట్టి నెల తిరక్కుండానే ఇసుక మీద గోధుమరంగు పాచి పరుచుకుంది. అవి డయాటమ్స్ అనే సూక్ష్మమైన నాచు, కొత్త ట్యాంకుకు తప్పదు, నీళ్లలో వాటికి కావలసిన సిలికేట్ అయిపోతే వాటంతటవే పోతాయి అన్నారు తెలిసినవాళ్లు. నా ట్యాంకులో పోలేదు. మూడో నెలకి రాళ్లకు పచ్చటి వెంట్రుకలు మొలిచాయి. పాత పళ్ల బ్రష్షుతో రుద్దడం, సన్న పైపుతో లాగడం, వారానికల్లా మళ్లీ అదే కథ. "ఇల్లు ఊడ్చమంటే ఊడ్చవు గానీ, ఆ తొట్టి మాత్రం రోజూ ఊడుస్తా ఉంటావు నాయనా" అని అమ్మ ఎగతాళి.

కొళత్తూరు చేపల అంగళ్లకు వెళ్లి నాచును చంపే మందు ఒక సీసా తెచ్చాను. నాచు చచ్చింది. చచ్చిందంతా ట్యాంకులోనే కుళ్లి, దానికే మళ్లీ ఎరువయింది. రెండు వారాల్లో అంతకుముందుకన్నా ఒత్తుగా మొలిచింది. ఆ సీసా డబ్బులు సముద్రంలో పోసినట్టే.

అసలు తప్పు వంటింట్లో ఉంది. నేను ఉప్పు కలుపుతున్నది తాగే నీళ్ల ఆర్ఓ మెషీన్ నుంచి పట్టిన నీళ్లలో. ఆర్ఓ అంటే శుద్ధమైన నీళ్లే కదా అని ధీమా. చివరికి నీళ్లలో ఎన్ని లవణాలు కరిగి ఉన్నాయో చూపే టీడీఎస్ మీటరు 250 రూపాయలకు కొని ముంచితే లీటరుకి 95 మిల్లీగ్రాములు చూపించింది. మెషీన్ పెట్టినతను "మరీ తక్కువ టీడీఎస్ తాగకూడదు సార్" అని లోపల ఒక స్క్రూ తిప్పిపోయాడు. అంటే శుద్ధి చేసిన నీళ్లలో కొంత మామూలు నీళ్లు తిరిగి కలుస్తున్నాయన్నమాట. తాగడానికి బాగానే ఉంటుంది. ట్యాంకుకి కాదు. ట్యాంకులో ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, కరిగినవన్నీ ట్యాంకులోనే ఉండిపోతాయి. రోజుకి రెండు లీటర్లు తగ్గితే రెండు లీటర్లు పోస్తాం. లీటరుకి 95 మిల్లీగ్రాముల లెక్కన ఐదు నెలల్లో 28 గ్రాములు, అంటే ఐదారు చెంచాలు, నా చేత్తోనే వేశాను. అందులో ఎక్కువ భాగం సున్నమూ ఉప్పూ కావచ్చు గానీ, పాచికి కావలసిన సిలికేట్, నైట్రేట్ కూడా వాటితోపాటే వస్తాయి. డయాటమ్స్ ఎందుకు పోలేదో అప్పుడు అర్థమైంది. అవి తింటున్న కొద్దీ నేను వడ్డిస్తున్నాను.

2023 మేలో ఇక్కడే ఫిట్ చేసి అమ్మే నాలుగు దశల ఆర్ఓ-డీఐ యూనిట్ ఒకటి కొన్నాను, నీటి ఒత్తిడి పెంచే బూస్టర్ పంపుతో కలిపి తొమ్మిది వేలు. 5 మైక్రాన్ల సెడిమెంట్ ఫిల్టరు, కార్బన్ బ్లాక్, రోజుకి 75 గ్యాలన్లు వడకట్టే ఆర్ఓ మెంబ్రేన్, చివర డీఐ (డీఅయోనైజేషన్) రెసిన్ గుళికలు. వంటింటి మెషీన్‌లో లేనిది ఆ చివరిదే. మెంబ్రేన్ దాటి వచ్చిన కాస్త లవణాలను కూడా అది పట్టేస్తుంది. బూస్టర్ లేకుండా ఇక్కడ పని జరగదు. మేడ మీది ట్యాంకు మాకు 20 అడుగుల పైన ఉంది, పది అడుగులకు 4.3 పీఎస్ఐ ఒత్తిడి చొప్పున తొమ్మిది కూడా రాదు. మెంబ్రేన్‌కి 50 అయినా కావాలి.

మా బోరు నీళ్ల టీడీఎస్ 1100. మెంబ్రేన్ తర్వాత 35, డీఐ తర్వాత సున్నా. ఆ 35 వల్ల రెసిన్ నాలుగు నెలలు కూడా నిలవలేదు. తర్వాత మెట్రో నీళ్లు, అంటే నగర మంచినీటి సరఫరా, వచ్చే కుళాయికి మార్చాను. అవి 320, మెంబ్రేన్ దాటాక 11. ఇప్పుడు ఏడాదికి ఒక్కసారి రెసిన్ మారిస్తే చాలు. ఎలాంటి యూనిట్ కొన్నామన్నదానికన్నా ఏ కుళాయికి తగిలించామన్నదే ముఖ్యం అని నాకు ఏడాది పోయాక తెలిసింది. మా వైపు మెట్రో నీళ్లలో ఊరికి దక్షిణాన నెమ్మేలి ప్లాంటులో సముద్రపు నీటిని మంచినీళ్లు చేసి పంపేవి కూడా ఉంటాయి. సముద్రంలో ఉప్పు తీసి వాళ్లు పంపితే, నేను డబ్బులిచ్చి ప్యాకెట్ ఉప్పు కొని మళ్లీ కలుపుతున్నాను. అమ్మకి ఇది చెప్పకుండా ఉండాల్సింది. కావలి దగ్గర ఉప్పు మడులు చూస్తూ పెరిగిన మనిషి. వంట ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం చాలినంత ఉండవు, పనికిరాదు అంటే ఇప్పటికీ నమ్మదు.

రెసిన్ గురించి ఒక మాట. నాది రంగు మారే రకం, నీలం నుంచి గోధుమకి. అడుగు దాకా మారేవరకు ఆగుదాం అనుకోకండి. రెసిన్ అలసిపోయేటప్పుడు ముందు వదిలేది సిలికానే, దాన్ని టీడీఎస్ మీటరు పట్టదు. మీటరు సున్నా అంటుంటే ఇసుక మీద గోధుమ పాచి తిరిగొచ్చింది నాకొకసారి. ఇప్పుడు మీటరు 1 చూపించిన రోజే మార్చేస్తాను.

ఇక పాచి సంగతి. గోధుమ రంగు మూడు వారాల్లో పోయింది. పచ్చ వెంట్రుకలకు నాలుగు నెలలు పట్టింది, అది యూనిట్ తప్పు కాదు. రాళ్లు పీల్చుకున్న ఫాస్ఫేటు, అదీ నాచుకు ఎరువే, మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. లైటు పది గంటల నుంచి ఏడుకి తగ్గించాను, మేత రోజుకి ఒక్క చిటికెడు, ఆరు ట్రోకస్ నత్తలు దించాను. నత్తలు పొట్టి నాచునే గీకుతాయి. పొడుగ్గా పెరిగినదాన్ని ముందు చేత్తో పీకాల్సిందే.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఫాస్ఫేటు పట్టే మందు కూడా వేసి నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి దించాను. టెస్ట్ కిట్లో రంగు రాకపోతే గెలిచినట్టే అనుకున్నాను. నెలకి గోధుమరంగు చీమిడిలాంటిది, చివర బుడగలతో, రాళ్లంతా వేలాడింది. డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు. రాత్రి మాయమై లైటు పడగానే మళ్లీ వస్తాయి. నత్తలు వెల్లకిలా పడ్డాయి, రెండు పోయాయి. మందు తీసేసి, మేత పెంచి, మూడు రోజులు చీకట్లో ఉంచాక తగ్గింది. ఇప్పుడు నైట్రేట్ లీటరుకి 5 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.05 దగ్గర ఉంచుతున్నాను.

నచ్చనివి ఉన్నాయి. పంపు అడాప్టర్ పద్నాలుగో నెలలో కాలిపోయింది. గ్యారంటీ అడిగితే అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తలేదు, బయట 600 పెట్టి కొనుక్కున్నాను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తర్వాత నీళ్లు బురదగా వచ్చి సెడిమెంట్ ఫిల్టరు పది రోజుల్లో మూసుకుపోయింది. డబ్బా నిండితే ఆపే వాల్వు ఇవ్వలేదు, రెండుసార్లు వంటిల్లు తడిసింది. అన్నిటికన్నా బాధ వృథా నీళ్లు. నాకు వారానికి 25 లీటర్లు కావాలి, మరో 75 బయటికి పోతాయి. ట్యాంకు ముందు ఫ్యాను పెట్టే మే నెలలో ఆవిరి పెరిగి ఇంకా ఎక్కువ. 2019 వేసవిలో లారీ కోసం బిందెలతో నిలబడ్డ ఊరిలో ఆ నీళ్లు కాలువకి వదలడానికి చేయి రాదు. బకెట్లలో పట్టి బాత్రూముకీ, ఇల్లు తుడవడానికీ వాడుతున్నాం. మొక్కలకు పోయను, ఉప్పు ఎక్కువ.

ముప్పై నలభై లీటర్ల బుల్లి ట్యాంకయితే ఇంత సరంజామా అక్కర్లేదు, మీటరు ముంచి చూసి సున్నా ఉన్న క్యాన్ నీళ్లు కొనుక్కోవచ్చు. వంద దాటితే మాత్రం చేపలకన్నా ముందు ఇది కొనండి. నా వెనక అద్దం మీద సన్నటి పచ్చ పొర ఇంకా ఉంది. గీకను, మిగిలిన నాలుగు నత్తలకూ అదే తిండి.