క్రిస్టల్ మెయిడెన్, లయన్, డాజిల్: ఐదో పొజిషన్‌లో ఏది మేలు?

డోటా 2 అనే వీడియో గేమ్‌లో ఐదో పొజిషన్ అంటే 5 మంది టీమ్‌లో అందరికంటే తక్కువ గోల్డ్ దొరికే చోటు. ఉన్న కాస్తా సెంట్రీలకీ (కనిపించనివాటిని చూపించే వార్డులు) స్మోక్‌కీ (టీమ్‌ని శత్రువు కంటపడకుండా దాచే ఐటమ్) పోతుంది. ఐటమ్స్ ఎప్పటికో గానీ రావు కాబట్టి, ఒట్టి స్పెల్స్‌తోనే పని గడిపే హీరో కావాలి. అలాంటివాళ్లలో ఈ ముగ్గురి మధ్యే చాలామంది తేల్చుకోలేకపోతుంటారు. ప్యాచ్ (గేమ్‌కి అప్‌డేట్) వచ్చినప్పుడల్లా అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ, వీళ్ల తీరు పెద్దగా మారదు.

మెయిడెన్ బలమంతా మొదట్లోనే. ఫ్రాస్ట్‌బైట్ తగిలినవాడు కదలలేడు, చేత్తో కొట్టలేడు. ఆర్కేన్ ఆరా వల్ల మనవాళ్లు మ్యాప్‌లో ఏ మూలనున్నా మానా (స్పెల్స్ వేయడానికి కావాల్సిన శక్తి) త్వరగా నిండుతుంది. తర్వాతే కష్టం. నడక మరీ నెమ్మది, ప్రాణం తక్కువ. ఆమె పెద్ద స్పెల్ ఫ్రీజింగ్ ఫీల్డ్ చూడ్డానికి ఘనంగా ఉంటుంది, ఒక్క స్టన్ (కాసేపు ఏమీ చేయనివ్వని దెబ్బ) పడితే అక్కడితో సరి.

లయన్ దగ్గర ఎదుటివాణ్ని కట్టిపడేసే స్పెల్స్ రెండు ఉన్నాయి: స్టన్ చేసే ఎర్త్ స్పైక్, చిన్న జంతువుగా మార్చేసే హెక్స్. ఒకటి తప్పినా ఇంకొకటి మిగులుతుంది. హెక్స్ వేసిన క్షణంలోనే పడుతుంది, ఎదుటివాడికి తప్పుకునే వ్యవధి ఉండదు. ఫాంటమ్ లాన్సర్ లాంటివాడు నకిలీ రూపాలతో మీద పడితే హెక్స్, మానా లాగేసే మానా డ్రెయిన్ రెండూ వాటిని చిటికెలో మాయం చేస్తాయి. 2250 గోల్డ్ ఎలాగో కూడబెట్టి బ్లింక్ డాగర్ (ఒక్కసారిగా దూరం దూకించే ఐటమ్) కొన్న లయన్ అంటే ఎవరికైనా భయమే. అతని పెద్ద స్పెల్ ఫింగర్ ఆఫ్ డెత్‌తో కిల్స్ పడేకొద్దీ దాని దెబ్బ కూడా పెరుగుతుంది. (ఆ ఆశతోనే కొందరు లయన్‌లు క్యారీ (టీమ్ గోల్డ్ పెట్టి పెంచే ప్రధాన హీరో) కొట్టాల్సిన కిల్స్ కొట్టేస్తుంటారు. క్యారీ తిట్టడంలో తప్పులేదు.)

ఇక అసలు తేడా బ్లాక్ కింగ్ బార్ (కాసేపు శత్రువుల స్పెల్స్ పనిచేయకుండా కాపాడే ఐటమ్) దగ్గర తెలుస్తుంది. ఎదుటి క్యారీ దాన్ని వేసుకున్నాడంటే లయన్ స్పెల్స్ ఆ కాసేపూ దండగ, మెయిడెన్‌వీ అంతే. డాజిల్‌కి ఆ బాధ లేదు. షాలో గ్రేవ్ వేసేది శత్రువు మీద కాదు, మనవాడి మీద. అది ఉన్నన్ని సెకన్లూ ఎంత కొట్టినా మనవాడు చావడు. పైగా అల్టిమేట్ (హీరోకి ఉండే పెద్ద స్పెల్) కాదు కాబట్టి ఆరో లెవెల్ దాకా ఆగక్కర్లేదు. ప్రాణం తగ్గేకొద్దీ వేగంగా కొట్టే హస్కర్ మీద గ్రేవ్ పడితే చూడాలి! షాడో వేవ్ మనవాళ్ల ప్రాణం నింపుతూనే వాళ్లని చుట్టుముట్టినవాళ్లని దెబ్బ తీస్తుంది.

కానీ గ్రేవ్ ఒక్క క్షణం ఆలస్యమైతే వేయడానికి మనిషే ఉండడు. ముందే వేస్తే శత్రువు అది అయిపోయేదాకా దూరంగా నిలబడి చూస్తాడు. మనవాడేమో ఆ కాస్త వ్యవధిలో తిరిగి కొట్టకుండా పారిపోతాడు. ముక్కూమొహం తెలియని టీమ్‌మేట్స్‌తో ఇది రోజూ జరిగే తంతే.

అందుకే ఒంటరిగా ర్యాంక్‌డ్ (ర్యాంక్ కోసం ఆడే మ్యాచ్‌లు) ఆడేవాళ్లకి లయనే మేలంటాను. శత్రువు ఒక్కడు చాలాసేపు కదలకుండా పడి ఉంటే ఎవరైనా కొడతారు, దానికి మాటలు అక్కర్లేదు. స్నేహితులతో మైక్‌లో మాట్లాడుకుంటూ ఆడితే మాత్రం డాజిల్. అప్పుడు కూడా ఎదుటివైపు యాక్స్ అనే హీరో ఉంటే వద్దు: అతని కల్లింగ్ బ్లేడ్ గ్రేవ్ ఉన్నా చంపేస్తుంది. ఏన్షెంట్ అపారిషన్ ఉన్నా ఆలోచించండి, ఆ హీరో వేసే ఐస్ బ్లాస్ట్ తగిలినవాడికి ప్రాణం నింపలేం. మెయిడెన్‌ని మన మిడ్ (మధ్య దారిలో ఆడేవాడు) స్టార్మ్ స్పిరిట్ అనే హీరోని తీసుకున్న రోజుకి ఉంచుకోండి, అతనికి ఎంత మానా ఉన్నా చాలదు.