మోనజైట్ డేటింగ్ సర్వీసు: మ్యాప్ తీయించుకుంటేనే డబ్బుకు తగ్గ ఫలితం

మోనజైట్ అనే ఖనిజపు గింజల్లోని థోరియం, యురేనియం, సీసం కొలిచి వయసు కట్టే ఒక ఎలక్ట్రాన్ ప్రోబ్ (ఎలక్ట్రాన్ కిరణంతో ఖనిజాల కూర్పును కొలిచే యంత్రం) ల్యాబ్ సర్వీసు గురించి ఈ రివ్యూ. బయటి శాంపిళ్లు కూడా తీసుకుంటారు. ఇచ్చిన రాయి విశాఖ వైపు ఖొండలైట్ (గార్నెట్ అనే ఖనిజం ఉన్న ఒక రూపాంతర శిల). తూర్పు కనుమల్లో ఈ భాగం వేడికీ ఒత్తిడికీ ప్రధానంగా రూపాంతరం చెందింది సుమారు 95 కోట్ల ఏళ్ల కిందట. కొన్నిచోట్ల 55–50 కోట్ల ఏళ్ల నాటి వేడి కూడా మళ్లీ తగిలింది. ఒకే రాతిలో ఈ రెండూ ఉంటే విడదీసి చూపగలరా? చూపగలరు, కాకపోతే మనం అడిగి చేయించుకోవాలి.

సెక్షన్ (రాతి నుంచి కోసిన పలుచని పలక) తయారీ మన పనే. మందం 30 మైక్రాన్లు, పైన కవర్ గ్లాస్ ఉండకూడదు, చివరి పాలిష్ పావు మైక్రాన్ డైమండ్ పేస్టుతో. సీసం పళ్లెం మీద మాత్రం పాలిష్ పెట్టించొద్దు. మోనజైట్‌లో ఉన్న సీసమంతా థోరియం, యురేనియం రేడియోధార్మికంగా క్షీణించగా వచ్చిందేనన్న లెక్క మీదే ఈ పద్ధతి నడుస్తుంది. పగుళ్లలో బయటి సీసం ఇరుక్కుంటే రాయి ఉన్నదానికన్నా ముసలిదైపోతుంది.

గింజలు వెతకడంలో ఈ ల్యాబ్‌కు వంక పెట్టలేం. ఎలక్ట్రాన్ చిత్రంలో మోనజైట్‌లాగే జిర్కాన్ అనే మరో ఖనిజం కూడా తెల్లగానే మెరుస్తుంది కాబట్టి ప్రతి గింజ కూర్పునూ చూసుకున్నాకే ముందుకెళ్తారు. అసలు విలువంతా ఆ తర్వాత తీసే ఇట్రియం, థోరియం మ్యాపుల్లో (గింజలో ఆ మూలకం ఎక్కడ ఎంతుందో చూపే చిత్రాల్లో) ఉంది. గార్నెట్ పెరిగేటప్పుడు ఇట్రియాన్ని లాగేసుకుంటుంది. అప్పుడు పుట్టిన మోనజైట్‌లో ఇట్రియం తక్కువ. గార్నెట్ విరిగిపోయే దశలో ఏర్పడిన అంచులో ఎక్కువ. మ్యాప్ లేకుండా పాయింట్లు కొడితే చేతికి అంకెలొస్తాయి గానీ, ఏ అంకె ఏ ఘటనదో తెలియదు.

లోపమల్లా రిపోర్టులో ఉంది. అడగకపోతే వయసులు మాత్రమే ఇస్తారు. ఇది చిన్న విషయం కాదు. ప్రోబ్ ప్రతి మూలకాన్నీ దాని ఎక్స్-రే గీతలతో కొలుస్తుంది. ఇట్రియం ఎల్-గామా గీత సరిగ్గా సీసం ఎం-ఆల్ఫా గీత మీద పడుతుంది. సీసం లెక్కలోంచి ఇట్రియం వాటాను తీసేసే దిద్దుబాటు తగ్గితే, ఇట్రియం ఎక్కువున్న కుర్ర అంచే ముసలిదిగా కనబడి, రెండు ఘటనలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. థోరియం 5 శాతం, యురేనియం 0.3 శాతం ఉన్న 95 కోట్ల ఏళ్ల గింజలో సీసం దాదాపు 0.26 శాతం. అందులో 0.01 శాతం తేడా వస్తే చాలు, వయసు మూడున్నర కోట్ల ఏళ్లు జరుగుతుంది. యురేనియం ఎం-బీటా మీద థోరియం గీత ఒకటి, పక్కనే పొటాష్ ఫెల్డ్‌స్పార్ ఉంటే పొటాషియం గీత ఒకటి పడతాయి. అందుకే ఫెల్డ్‌స్పార్‌ను ఆనుకున్న అంచు పాయింట్లను నమ్మొద్దు.

ఆర్డరిచ్చేటప్పుడే రాసి పెట్టండి: పాయింటువారీగా థోరియం, యురేనియం, సీసం, ఇట్రియం పట్టిక కావాలి, సీసాన్ని కనీసం 200 సెకన్లు లెక్కించాలి, బ్రెజిల్ మోఆసిర్ మోనజైట్ లాంటి వయసు తెలిసిన గింజ మీద అదే రోజు వచ్చిన ఫలితం జతచేయాలి. దాని వయసు 50 కోట్ల ఏళ్ల దగ్గర రాకపోతే మిగతా పట్టిక చూడక్కర్లేదు.

ప్రోబ్ బీమ్ ఒకటి నుంచి అయిదు మైక్రాన్లే కాబట్టి సన్నని అంచుల్ని కూడా కొలవొచ్చు. గింజను లేజర్‌తో తొలిచి కొలిచే మరో పద్ధతిలో పడే గుంత సాధారణంగా పది మైక్రాన్లు దాటుతుంది, రెండు పొరల్ని కలిపేస్తుంది. కానీ ఐసోటోపుల్ని (ఒకే మూలకపు వేర్వేరు బరువుల పరమాణువుల్ని) విడిగా కొలిచేది లేజర్ పద్ధతే. సీసం కొంత పోయిందా లేదా అన్నది అక్కడే తేలుతుంది, ప్రోబ్‌కు ఆ సంగతి పట్టదు. హిమాలయ రాళ్లకైతే ఈ సర్వీసు వద్దు. రెండు కోట్ల ఏళ్ల మోనజైట్‌లో సీసం సాధారణంగా ప్రోబ్ పట్టుకోగలిగిన 0.01 శాతానికి కిందే ఉంటుంది.