కొత్త సెల్టోస్: బీఎండబ్ల్యూ ఎక్స్1 పక్కన నిలబెడితే

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ప్లాంటులో తయారయ్యే ఎస్‌యూవీ కాబట్టి అనంతపురంలో సెల్టోస్ మీద అభిమానం కొంచెం ఎక్కువే. దాన్ని పక్కన పెట్టి టేపు పట్టి చూద్దాం. పొడవు 4365 నుంచి 4460 మిల్లీమీటర్లకు, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2610 నుంచి 2690కి పెరిగాయి. ఎక్స్1 వీల్‌బేస్ 2692. అంటే వెనక సీట్లో కాళ్లు చాపుకునే విషయంలో లగ్జరీ బండికి జంకాల్సిన పని లేదు.

తేడా తెలిసేది గుంతల్లోనే. సెల్టోస్ వెనక సస్పెన్షన్ టోర్షన్ బీమ్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం; ఎక్స్1కి మల్టీలింక్, అంటే ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదులుతుంది. అందుకే సెల్టోస్‌లో ఒక వెనక చక్రం గుంతలో పడితే రెండో వైపూ కుదుపు వస్తుంది. డీజిల్ ఇంజిన్ లాగే బలం (టార్క్) కూడా సెల్టోస్ 250 ఎన్ఎం ఎక్కడ, ఎక్స్1 360 ఎక్కడ!

డీజిల్ తీసుకుని ఊళ్లో టవర్ క్లాక్ చుట్టూ మాత్రమే తిప్పితే డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, మసి పేరుకుంటుంది. డ్యాష్‌బోర్డు మీద దాని హెచ్చరిక దీపం వెలిగితే 44వ హైవే ఎక్కి ఇరవై నిమిషాలు ఆపకుండా నడపాలి. ట్రాఫిక్‌లో ఆటోమేటిక్ కావాలంటే టర్బో పెట్రోల్‌లోని డీసీటీ (రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్) కన్నా డీజిల్‌లోని టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ద్రవంతో బలం అందించే గేర్‌బాక్స్) మేలు, క్లచ్ వేడెక్కే బెడద ఉండదు. పెద్ద గాజు పైకప్పు మన ఎండలకు దండగ.