చెక్క వంటగట్టుకు కడపలో మరమ్మతు: ఆచారి గారి పని ఎలా ఉందంటే

కడపలో వంటగట్టు అంటే నల్లబండే. ఊరి పేరుతో దేశమంతా అమ్ముడుపోయే రాయి కాళ్ల దగ్గరే దొరుకుతుంటే చెక్క గట్టు ఎవరు వేయించుకుంటారు? మా మామగారు వేయించారు. పాత ఇల్లు పడగొట్టినప్పుడు మిగిలిన టేకు తలుపులు పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆ గట్టును బాగుచేసే మనిషి ఈ ఊళ్లో దొరకడమే కష్టం. మొదట వచ్చిన వడ్రంగి చూడగానే "పైన సన్‌మైకా అతికించేద్దాం అమ్మా" అన్నాడు. టీ ఇచ్చి పంపించాను.

ఆ తర్వాత ఏడురోడ్ల దగ్గర రంగుల దుకాణంలో చెబితే వచ్చిన పెద్దాయన ఈ ఆచారి గారు. రాగానే ఉప్పుకాగితం తీయలేదు. ముందు మరకలను విడదీసి చూశారు. తడి దోసెపెనం పెట్టిన చోట పడ్డ నల్లటి వలయాలు వేరు, పసుపు వేరు, నూనె జిడ్డు వేరు. టేకులోని వగరుకు ఇనుమూ నీళ్లూ తోడైతే నలుపు పుడుతుంది. కరక్కాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం వేసి సిరా చేసేది కూడా ఈ పద్ధతిలోనే. అది చెక్క లోపలికి దిగుతుంది కనుక పైపైన గీకితే పోదు. ఆక్సాలిక్ ఆమ్లం పొడిని ప్లాస్టిక్ గిన్నెలో వేడినీళ్లతో కరిగించి గట్టంతా పూశారు. మరక మీదే రాస్తే అక్కడొక తెల్ల మచ్చ తేలుతుందట. ఆరాక బాగా కడిగించారు. అది విషం, ఎండిన పొడి ముక్కులోకి పోకూడదు. ముక్కుకు గుడ్డ ఆయనే కట్టుకున్నారు గానీ, చేతి తొడుగులు నేనే ఇవ్వాల్సి వచ్చింది.

పసుపుకు ఈ ఆమ్లం అక్కర్లేదన్నారు. కిటికీ ఎండ పడే వైపు అది ముందే వెలిసిపోయింది. మిగిలినదీ, జిడ్డూ ఉప్పుకాగితంతోనే పోయాయి: 80 నంబరుతో మొదలుపెట్టి 120, చివర 220, చెక్క చారల వెంబడే. ఆ దుమ్ము మాత్రం మా పోపులపెట్టె దాకా వెళ్లింది. గిన్నెల మీద పాత చీర కప్పమని ముందే చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

పాలిష్ దగ్గర ఆయన సలహా నచ్చింది. పీయూ (పాలీయురేథేన్) పూత మెరుస్తుంది, కానీ కత్తి గాటు పడితే అతుకు కనబడకుండా సరిచేయడం కష్టం. అవిసె నూనెయితే ఎక్కడ వెలిసిపోతే అక్కడే మనమే రాసుకోవచ్చు. పల్చగా పట్టించి, పైన తేలినది తుడిచేసి, ఆరాక మళ్లీ రాశారు. ఆ గుడ్డలను ఉండచుట్టి మూల పడేయనివ్వలేదు. ఆరేటప్పుడు ఆ నూనెకు వేడి పుట్టి గుడ్డలు వాటంతటవే అంటుకోవచ్చని పెరట్లో తీగ మీద విడివిడిగా ఆరేశారు. వాసన పోయేదాకా వంట వరండాలోనే.

సామానుతో కలిపి 4,500 రూపాయలు తీసుకున్నారు. తొట్టి పక్కన ఒక వలయం నీడలా మిగిలింది. ఇంకా గీకితే అక్కడ గుంట పడుతుందని ఆపేశారు, నాకూ అదే సబబనిపించింది. చెప్పిన వేళకు రారు, అమావాస్య నాడు పనిముట్లు ముట్టరు. ప్లైవుడ్ మీద పల్చటి టేకు పొర అతికించిన గట్లయితే ఆయన్ని పిలవకండి. ఉప్పుకాగితం పెడితే పొర లేచిపోతుందని ఆ పని ఒప్పుకోరు.